జాబితాలో లేని ప్రాసెసర్‌ను బోర్డులో వేయవచ్చా?

పాతపెట్టె
2017లో కొన్న ఏ320 చిప్‌సెట్ మదర్‌బోర్డు మీద రైజెన్ 3 1200 వాడుతున్నాను. దాని స్థానంలో రైజెన్ 7 5800ఎక్స్3డీ వేద్దామని బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ప్రాసెసర్ల జాబితా తీసి చూస్తే అది రైజెన్ 3000 వరుస దగ్గరే ఆగిపోయింది. సాకెట్ మాత్రం అదే ఏఎం4. ఆ సంస్థే అదే చిప్‌సెట్‌తో చేసిన మరో బోర్డు జాబితాలో 5000 వరుస మొత్తం ఉంది. కారణం అడుగుతూ వారికి రాస్తే, "మీ మోడల్‌కు మద్దతు లేదు" అనే ఒక్క వాక్యం తప్ప వివరణ రాలేదు. మద్దతు లేదంటే ఆ ప్రాసెసర్ ఈ బోర్డులో పనిచేయదనా, పనిచేస్తుందో లేదో వాళ్లు చూడలేదనా, కొత్త బోర్డు కొనుక్కోమనా? చక్కగా పనిచేస్తున్న బోర్డును ఇంత మాటకే పక్కన పెట్టడం నాకు బాధగా ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

నిదానమే
జాబితాలో లేనిది వేయకండి. ప్రాసెసర్ వెల బోర్డు వెల కంటే ఎక్కువ. చవకైన దాన్ని కాపాడుకోవడం కోసం ఖరీదైన దాన్ని పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

సాకెట్775
నిదానమే గారి మాట నిజమైతే నేను ఎన్నో ఏళ్లపాటు వాడిన యంత్రం అసలు ఆన్ కాకూడదు. నా హ్యాండిల్‌లో ఉన్న సాకెట్ కథే చెబుతాను. ఎల్‌జీఏ775 బోర్డుల్లో అధికారికంగా వేయదగిన మేలైన ప్రాసెసర్లలో కోర్ 2 క్వాడ్ క్యూ9650 ఒకటి. దాని వేగం 3.0 గిగాహెర్ట్జ్, క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమొరీ) 12 ఎంబీ, బస్ 1333. సర్వర్ల కోసం వచ్చిన జియాన్ ఈ5450 అంకెలు కూడా సరిగ్గా ఇవే. పైగా క్యూ9650 టీడీపీ (ప్రాసెసర్ పుట్టించే వేడికి సంస్థ చెప్పే అంకె) 95 వాట్లయితే దీనిది 80 వాట్లే. లోపలి సిలికాన్‌లో తేడా లేదు కానీ ఇది ఎల్‌జీఏ771 సాకెట్‌ది. రెండు కాంటాక్టుల స్థానాలు తారుమారుగా ఉంటాయి, అంచున ఉండే గాట్లు కూడా వేరే చోట ఉంటాయి.

నేను చేసిందల్లా ఆ రెండు కాంటాక్టులను తారుమారు చేసే సన్నని స్టిక్కర్ ప్రాసెసర్ అడుగున అంటించడం, సాకెట్‌లో అడ్డం వచ్చే ప్లాస్టిక్ మొనలను పదునైన బ్లేడుతో తీసేయడం, బయోస్‌లో (బోర్డును మేల్కొలిపే ఫర్మ్‌వేర్) ఆ జియాన్‌కు సంబంధించిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల కోడ్) చేర్చి ఫ్లాష్ చేయడం, అంటే చిప్‌లో తిరిగి రాయడం. బ్లేడు పని చేస్తున్నప్పుడు పిన్నుల మీద చెక్కిన ముక్క పడకుండా దళసరి కాగితం కప్పి, సాకెట్‌ను వంచి పట్టుకుని, తెగిన ప్రతి ప్లాస్టిక్ తునకను పట్టకారుతో తీశాను. ఏ బోర్డు జాబితాలోనూ ఆ ప్రాసెసర్ పేరు ఉండేది కాదు, అయినా అది ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది.

వోల్టేజి_వేత్త
సాకెట్775 గారి ఉదాహరణ సరైనదే, కానీ దాన్ని అన్నింటికీ వర్తింపజేస్తే ప్రమాదం. అక్కడ చిప్‌సెట్‌కు ఆ సిలికాన్ ముందే తెలుసు, విద్యుత్తు అవసరం తక్కువ, మారిన వాటిలో ముఖ్యమైనవి రెండు కాంటాక్టులు మాత్రమే.

ఎల్‌జీఏ1151ను చూడండి. ఇంటెల్ 6వ తరం (2015), 7వ తరం (2017) 100, 200 వరుస చిప్‌సెట్లతో పనిచేశాయి. 2017లోనే వచ్చిన 8వ తరానికి సాకెట్ అదే కొలతలో ఉన్నా 300 వరుస చిప్‌సెట్ తప్పనిసరి అన్నారు. వ్యాపారం కోసమే అలా అన్నారని చాలామంది కోపగించుకున్నారు. పిన్నుల పట్టికలు పోల్చి చూస్తే కోర్‌కు విద్యుత్తు అందించే వీసీసీ పిన్నులు 128 నుంచి 146కు, భూమి పిన్నులు 377 నుంచి 391కి పెరిగాయి. ఖాళీగా వదిలిన రిజర్వు పిన్నులు 46 నుంచి 25కు తగ్గాయి. ఆరు కోర్లకు ఎక్కువ కరెంటు అవసరమన్న వాదనకు ఆ మేరకు ఆధారం ఉంది.

అయినప్పటికీ ఔత్సాహికులు 100, 200 వరుసలకు చెందిన జెడ్170, జెడ్270 బోర్డుల మీద 8వ, 9వ తరం ప్రాసెసర్లను నడిపించారు. బయోస్‌లో మైక్రోకోడ్ మార్చి, మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ సవరించి, కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ అడుగున కొన్ని కాంటాక్టులను టేపుతో మూసి, కొన్నింటిని కలిపి ఆ పని సాధించారు. పిన్నులు మారాయన్నదీ నిజమే, మారినా నడిచిందన్నదీ నిజమే. కాబట్టి మద్దతు లేదన్న మాట వెనుక ఏముందో బోర్డు బోర్డుకూ విడిగా చూసుకోవలసిందే.

నిదానమే
నడిచిందన్న వారి పోస్టులే మనకు కనిపిస్తాయి. నడవని వారు బోర్డు పక్కన పెట్టి మౌనంగా ఉంటారు. టేపు జరిగి వీసీసీ పిన్ను భూమికి తగిలితే ఏమవుతుందో అందరూ ఆలోచించాలి.

బయోస్‌బాట
పాతపెట్టె గారి ప్రశ్నకు టేపు, బ్లేడు ఏవీ అవసరం లేదు. ఏఎం4లో పిన్నులు మారలేదు. అక్కడ అసలు విషయం ఏజీసా. ఏఎండీ తన ప్రాసెసర్లను మేల్కొలపడానికి బోర్డు తయారీదారులకు ఇచ్చే ఫర్మ్‌వేర్ మూట అది. మైక్రోకోడ్‌తో పాటు భద్రతా ప్రాసెసర్ ఫర్మ్‌వేర్, విద్యుత్ నియంత్రణ ఫర్మ్‌వేర్, మెమొరీని సిద్ధం చేసే కోడ్ అన్నీ అందులోనే ఉంటాయి. అందుకే పాత ఇంటెల్ బోర్డుల్లో చేసినట్టు మైక్రోకోడ్ ఒక్కటి అతికించి ఊరుకోవడం ఇక్కడ కుదరదు.

2020 మే నెలలో జెన్ 3 ప్రాసెసర్లు, అంటే రైజెన్ 5000 వరుస, 500 వరుస చిప్‌సెట్లకే పరిమితమని ఏఎండీ మొదట ప్రకటించింది. వినియోగదారుల నిరసన తర్వాత 400 వరుసకు ఇస్తామంది. 2022 మార్చిలో 300 వరుసకూ, అంటే ఏ320 సహా, మద్దతు ఇస్తున్నట్టు చెప్పింది. అదే సాకెట్, అవే పిన్నులు, మారింది నిర్ణయం. ఆ తర్వాత బయోస్ తయారుచేసి ఇవ్వడం బోర్డు సంస్థల వంతు, అవి అన్ని మోడళ్లకూ ఇవ్వలేదు.

కాబట్టి పాతపెట్టె గారూ, జాబితాను కాసేపు పక్కన పెట్టి, మీ బోర్డుకు చివరిగా విడుదలైన బయోస్ వివరణలో ఏజీసా ఏ వెర్షన్ అని రాశారో చూసి చెప్పండి.

పాతపెట్టె
చూశాను. ఏజీసా 1.2.0.7 అని ఉంది. భద్రతా సవరణల కోసం విడుదల చేసినట్టు రాశారు తప్ప 5000 వరుస ప్రస్తావన లేదు. మరో సందేహం: జాబితా ఉన్న ఆ రెండో బోర్డు బయోస్‌నే నా బోర్డులో ఫ్లాష్ చేస్తే సరిపోదా? చిప్‌సెట్ ఒకటే కదా.

బయోస్‌బాట
రెండో ఆలోచన మానుకోండి. చిప్‌సెట్ ఒకటైనా ఫ్యాన్లను, ఉష్ణోగ్రతలను చూసుకునే సూపర్ ఐఓ చిప్ వేరుగా ఉండవచ్చు, సౌండ్ చిప్, నెట్‌వర్క్ చిప్, వోల్టేజి నియంత్రించే కంట్రోలర్ వేరుగా ఉండవచ్చు. ఏ తీగ ఏ పనికి అన్న పట్టిక బోర్డు బోర్డుకూ మారుతుంది. ఆన్ కాకపోతే ఒక బాధ, తప్పు వోల్టేజితో ఆన్ అయితే అంతకంటే పెద్ద బాధ.

మొదటి విషయం మాత్రం శుభవార్త. 300 వరుస బోర్డుల మీద జెన్ 3 కోసం ఏఎండీ ఇచ్చిన వెర్షన్ అదే. అందులోని ప్రాసెసర్ ఫర్మ్‌వేర్లను మీ తయారీదారు తొలగించకపోతే మీ బోర్డుకు 5000 వరుస ఇప్పటికే తెలిసి ఉండాలి. వాళ్లు పరీక్షించి జాబితాలో చేర్చలేదంతే.

తొలికిరణం
"తొలగించకపోతే" అన్న మాట దగ్గర ఆగాలి. పాత ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి బయోస్ చిప్ 16 ఎంబీలే. అన్ని తరాల ఫర్మ్‌వేర్లూ అందులో ఇమడవు. చోటు కోసం కొన్ని సంస్థలు బ్రిస్టల్ రిడ్జ్ వంటి పాత ప్రాసెసర్ల మద్దతు తీసేశాయి, కొన్ని బయోస్ తెర మీద బొమ్మలను, రంగులను తగ్గించి సాదా మెనూ పెట్టాయి. కొన్ని విడుదలలైతే ఒక్కసారి వేశాక వెనక్కి వెళ్లనివ్వవు. ఫ్లాష్ చేసే ముందు ఆ పేజీలోని చిన్న అక్షరాలు పూర్తిగా చదవండి. మధ్యలో మరో వెర్షన్ వేసిన తర్వాతే చివరిది వేయాలని కొన్ని బోర్డులకు షరతు ఉంటుంది.

ఫ్లాష్ చేశాక పాత 1200తోనే కొన్నాళ్లు వాడి చూడండి. కొత్త బయోస్ వల్ల వచ్చే ఇబ్బందులను, కొత్త ప్రాసెసర్ వల్ల వచ్చే వాటిని విడదీసి చూడడానికి అదొక్కటే మార్గం.

రాత్రిపిట్ట
సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ కొనేవారికి ఒక హెచ్చరిక. నేను బ్రాండెడ్ వర్క్‌స్టేషన్ నుంచి తీసిన రైజెన్ ప్రో ఒకటి కొన్నాను. జాబితాలో ఉంది, బయోస్ సరైనదే, పిన్నులు తిన్నగానే ఉన్నాయి, అయినా తెర వెలగలేదు. ఏఎండీ ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అనే ఏర్పాటుతో ఆ ప్రాసెసర్‌ను అది మొదట పనిచేసిన సంస్థ ఫర్మ్‌వేర్‌కు శాశ్వతంగా ముడివేశారు. లోపలి ఫ్యూజులు కాలిపోయాక ఆ ముడి విప్పడం కుదరదు. మరో సంస్థ బోర్డులో అది ఎన్నటికీ బూట్ కాదు. మద్దతు జాబితాలో పేరు ఉండి కూడా పనిచేయని సందర్భం ఇది. కొనేముందు అది ఏ యంత్రంలోంచి వచ్చిందో అడగండి.

వోల్టేజి_వేత్త
బ్రాండెడ్ యంత్రాల గురించి మరొకటి. వాటి బోర్డుల్లో ఇంటెల్ బూట్ గార్డ్ ఉంటే తయారీదారు డిజిటల్ సంతకం లేని, మనం మార్చిన బయోస్ నడవదు. నాలుగో తరం నుంచి ఆ ఏర్పాటు ఉంది. అటువంటి బోర్డుల మీద మైక్రోకోడ్ చేర్చే ప్రయత్నం మొదలుపెట్టకముందే అది ఉందో లేదో చూసుకోవాలి.

లెక్కలమాస్టారు
ఇంతవరకు ఫర్మ్‌వేర్ గురించే మాట్లాడారు. ఇల్లు అలకగానే పండగ కాదు. నన్ను భయపెట్టేది వీఆర్‌ఎం, అంటే ప్రాసెసర్‌కు తగిన వోల్టేజి అందించే బోర్డు మీది విద్యుత్ భాగం.

5800ఎక్స్3డీ టీడీపీ 105 వాట్లు. ఏఎం4లో ఆ వర్గం ప్రాసెసర్ సాకెట్ నుంచి 142 వాట్ల వరకు తీసుకోవచ్చు. ప్రస్తుతం మీ దగ్గరున్న 1200 టీడీపీ 65 వాట్లు. ప్రాసెసర్‌కు అందేది 12 వోల్టులు కాదు, సుమారు 1.2 వోల్టులు. ఆ వోల్టేజి దగ్గర 60 వాట్లంటే 50 ఆంపియర్లు, 120 వాట్లంటే 100 ఆంపియర్లు. అందులోని మాస్‌ఫెట్ల (కరెంటును నియంత్రించే స్విచ్‌ల) నిరోధంలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది. చవక ఏ320 బోర్డుల్లో ఆ మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ కూడా ఉండదు. సాకెట్‌కు ఎడమ పక్కన నల్లటి చిన్న పలకల వరుస నేరుగా కనిపిస్తుంటే మీది ఆ రకమే.

ఆ వేడికి బోర్డు వెంటనే కాలిపోదు. ముందుగా తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని హఠాత్తుగా తగ్గిస్తుంది. మీరు ఖరీదు పెట్టి కొన్న వేగం మీకు దక్కదు. పక్కనున్న కెపాసిటర్ల ఆయుష్షు తగ్గడం నెమ్మదిగా జరిగే నష్టం. ఏఎం3+ కాలంలో 220 వాట్ల ఎఫ్‌ఎక్స్-9590 వచ్చినప్పుడు సాకెట్ అదే అయినా కొద్దిపాటి బోర్డుల జాబితాలోనే దాన్ని చేర్చడానికి కారణం ఇదే. ఆ జాబితాను పట్టించుకోని వారు చాలా నష్టపోయారు.

నా సలహా 65 వాట్ల రైజెన్ 5 5600. ఆరు కోర్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్. మీ బోర్డు మోయగలిగిన బరువు అది.

సాకెట్775
మాస్టారి లెక్క సరైనదే కానీ అది అన్ని కోర్లూ పూర్తిగా పనిచేసే వేళకు వర్తిస్తుంది. ఆటలు ఆడేటప్పుడు 5800ఎక్స్3డీ ఆ పరిమితికి చాలా దూరంలో ఉంటుంది. బయోస్‌లో విద్యుత్ పరిమితిని 65 వాట్లకు తగ్గించే వీలుంటే అదీ నడుస్తుందని నా అభిప్రాయం. ఆ ప్రాసెసర్‌కున్న పెద్ద క్యాష్ వల్ల వచ్చే లాభం వేగం కొంచెం తగ్గినా పోదు.

లెక్కలమాస్టారు
వీలుంటే, అన్నారు. ఏ320 బయోస్‌లలో ఆ అమరిక కొన్నింట్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. పైగా బ్యాటరీ మార్చినా, బయోస్ రీసెట్ అయినా ఆ పరిమితి ఎగిరిపోతుంది. ఒక అమరిక గుర్తున్నంత వరకే క్షేమంగా ఉండే యంత్రాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

పాతపెట్టె
మాస్టారు చెప్పిన నల్లటి పలకలు నా బోర్డులో నేరుగానే కనిపిస్తున్నాయి, హీట్‌సింక్ లేదు. బయోస్‌లో విద్యుత్ పరిమితి అమరిక కూడా కనబడలేదు. 5800ఎక్స్3డీ ఆలోచన మానేశాను. 5600, 5500, 5700 అన్నీ 65 వాట్లే అంటున్నారు. వీటిలో ఏది తీసుకున్నా ఒకటేనా?

వోల్టేజి_వేత్త
ఒకటి కాదు. పేరును చూసి మోసపోకూడని చోటు ఇది. 5600, 5600ఎక్స్, 5700ఎక్స్, 5800ఎక్స్ ఒకే కుటుంబం, వెర్మీర్. 5500, ఎక్స్ లేని 5700, జీ అక్షరం ఉన్నవి సెజాన్ కుటుంబం. వాటి ఎల్3 క్యాష్ 16 ఎంబీలే, గ్రాఫిక్స్ కార్డు వంటివి తగిలించే పీసీఐఈ మూడో తరానికే పరిమితం. బయోస్ దృష్టిలో ఈ రెండు కుటుంబాలూ వేర్వేరు. ఎవరి బోర్డు జాబితాలోనైనా 5800ఎక్స్ ఉండి 5600 లేకపోతే సాధారణంగా వేయవచ్చు, ఎందుకంటే సిలికాన్ అదే. 5700జీ ఉంది కదా అని 5700ఎక్స్ కూడా నడుస్తుందని అనుకోకూడదు.

ఇంటెల్ వైపు కూడా ఇటువంటి చిక్కే ఉంది. ఎల్‌జీఏ1200లో 10వ తరం నడిచే హెచ్410, బీ460 చిప్‌సెట్లు 11వ తరాన్ని నడపవు. అదే కాలపు హెచ్470, జెడ్490 నడుపుతాయి. అక్కడ బయోస్ అప్‌డేట్ కోసం ఎదురుచూసి ప్రయోజనం లేదు, చిప్‌సెట్ సిలికానే వేరు.

నిదానమే
మీరు వేయాలనే నిశ్చయించుకున్నారు కనుక అడ్డు చెప్పను. ఈ ఒక్కటి తప్పక చేయండి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ వేరొక చోట భద్రపరచుకోండి, ఇంకా మంచిది, ప్రాసెసర్ మార్చేలోపు దాన్ని తాత్కాలికంగా నిలిపివేయండి. ఏఎం4లో ఎఫ్‌టీపీఎం (ఆ తాళపుచెవులను దాచుకునే భద్రతా భాగం) ప్రాసెసర్‌తోనే ముడిపడి ఉంటుంది. కొత్త ప్రాసెసర్ పెట్టగానే, కొత్త సీపీయూ అమర్చారు, ఎఫ్‌టీపీఎం సమాచారం చెరిపేయాలా అని అడుగుతూ వై, ఎన్ అక్షరాలతో ఒక నల్లటి తెర వస్తుంది. కీ లేకుండా వై నొక్కితే డిస్క్ తెరుచుకోదు. ఎన్ నొక్కి పాత ప్రాసెసర్ తిరిగి పెట్టుకునే దారి మిగులుతుంది.

పాత 1200ను అమ్మేయకండి. కొత్తది నడవకపోతే మళ్లీ బయోస్ మార్చడానికి అదే ఆధారం.

బయోస్‌బాట
నిదానమే గారి పోస్టు ఈ చర్చ మొత్తంలో అతి ముఖ్యమైనది. దానికి ఒక చేర్పు. కొన్ని ఖరీదైన బోర్డుల్లో ప్రాసెసర్ లేకుండానే యూఎస్‌బీ నుంచి బయోస్ రాసే ఫ్లాష్‌బ్యాక్ మీట ఉంటుంది. మీ బోర్డులో ఉండే అవకాశం తక్కువ. బయోస్ చెడిపోతే బయటి ప్రోగ్రామర్‌తో రాయాలి. సీహెచ్341ఏ అనే ప్రోగ్రామర్ అందరికీ దొరికేదే, కానీ చాలా ఏఎం4 బోర్డుల్లో బయోస్ చిప్ 1.8 వోల్టులది, ప్రోగ్రామర్ ఇచ్చేది అంతకంటే ఎక్కువ. మధ్యలో 1.8 వోల్టుల అడాప్టర్ లేకుండా క్లిప్ తగిలించవద్దు. ముందుగా పాత బయోస్‌ను రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అచ్చంగా ఒకటేనని సరిపోల్చుకున్న తర్వాతే రాయాలి. తేడా వస్తే క్లిప్ సరిగ్గా పట్టలేదని అర్థం.

పాతపెట్టె
5600 వేశాను. బయోస్ మార్చి కొన్నాళ్లు 1200తోనే వాడాను, ఏ ఇబ్బందీ రాలేదు. కొత్తది పెట్టి మీట నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి కానీ తెర నల్లగానే ఉండిపోయింది. ఆపేయకుండా ఓపిక పట్టాను. మధ్యలో ఒకసారి దానంతట అదే ఆగి మళ్లీ మొదలైంది, తర్వాత నిదానమే గారు చెప్పిన ఎఫ్‌టీపీఎం ప్రశ్న తెర మీద కనిపించింది. బిట్‌లాకర్ ముందే నిలిపివేశాను కనుక వై నొక్కాను. బయోస్‌లో ప్రాసెసర్ పేరు సరిగ్గా, పూర్తిగా చూపిస్తోంది. తయారీదారు జాబితాలో మాత్రం ఈ రోజుకీ లేదు.

తొలికిరణం
ఆ నల్లటి తెర మెమొరీ ట్రైనింగ్. కొత్త ప్రాసెసర్ మెమొరీ కంట్రోలర్ మీ ర్యామ్‌తో సమయాలు కుదుర్చుకునేటప్పుడు అలా ఆగి మొదలవడం మామూలే. చాలామంది అక్కడే కంగారుపడి విద్యుత్తు తీసేస్తారు. ర్యామ్ వేగాన్ని ఇప్పుడే పెంచకండి, ముందు మామూలు వేగంతో నిలకడగా ఉందో చూడండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ పేరుతో హార్డ్‌వేర్ హెచ్చరికలు నమోదవుతున్నాయేమో గమనించండి. యంత్రం ఆగకుండా నడుస్తున్నా అవి కనిపిస్తుంటే నిలకడ లేనట్టే.

లెక్కలమాస్టారు
వీఆర్‌ఎం ఉష్ణోగ్రత ఎంత వస్తోంది?

పాతపెట్టె
డబ్ల్యూహెచ్‌ఈఏ హెచ్చరికలు ఏవీ లేవు. వీఆర్‌ఎం ఉష్ణోగ్రత మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించడం లేదు, ఈ బోర్డులో ఆ సెన్సర్ లేనట్టుంది.

లెక్కలమాస్టారు
అలాగైతే వేగాన్ని చూసి తెలుసుకోవాలి. అన్ని కోర్లకూ పని ఇచ్చి అరగంటసేపు గడియార వేగాన్ని గమనించండి. 5600 మూల వేగం 3.5 గిగాహెర్ట్జ్. ప్రాసెసర్ ఉష్ణోగ్రత మామూలుగా ఉండగానే వేగం ఒక్కసారిగా 0.55 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలకు పడి మళ్లీ లేస్తుంటే వీఆర్‌ఎం చేతులెత్తేసిందని అర్థం.

పాతపెట్టె
పరీక్ష పూర్తయింది. వేగం ఎక్కడా అలా పడలేదు, చివరివరకు మూల వేగానికి పైనే నిలిచింది. ప్రాసెసర్‌తోపాటు పెట్టెలో వచ్చిన కూలరే వాడుతున్నాను. శబ్దం ఎక్కువగా ఉంది, నిలువు టవర్ కూలర్ పెడదామనుకుంటున్నాను.

లెక్కలమాస్టారు
మీ బోర్డుకు ఆ పెట్టె కూలరే మేలు చేస్తోంది. దాని గాలి కిందికి వీస్తుంది కనుక పక్కనున్న మాస్‌ఫెట్లకు కూడా తగులుతుంది. టవర్ కూలర్ గాలి బోర్డుకు సమాంతరంగా పోతుంది, ప్రాసెసర్ చల్లబడుతుంది కానీ మాస్‌ఫెట్లకు ఏమీ అందదు. టవరే కావాలంటే క్యాబినెట్ వెనుక ఫ్యాన్‌ను సాకెట్ ఎత్తులో ఉంచి, అదే అరగంట పరీక్ష మళ్లీ చేసి చూడండి. లేదా ఇప్పటి కూలర్‌నే ఉంచి బయోస్‌లో ఫ్యాన్ వేగపు వంపును కొంచెం తగ్గించండి, శబ్దం అక్కడే చాలావరకు పోతుంది.

పాతపెట్టె
ఫ్యాన్ వంపు తగ్గించాను, శబ్దం సహించదగినంతకు వచ్చింది, కూలర్ మార్చడం లేదు. ఇదే బోర్డు ఉన్నవారి కోసం బోర్డు రివిజన్, బయోస్ వెర్షన్, ర్యామ్ వివరాలు నా ప్రొఫైల్‌లో పెడుతున్నాను. రివిజన్ అంకెను బోర్డు మూల మీద ముద్రించి ఉంటారు. అది వేరైతే వీఆర్‌ఎం కూడా వేరుగా ఉండవచ్చు కనుక ముందు దాన్ని పోల్చి చూసుకోండి.